గిటారు ఎందుకు గర్జిస్తుంది?

తీర్థంలో మైకు సౌండు మరీ పెంచేస్తే పాట బొంగురుపోయి, పగిలినట్లు వినిపించడం మీరు వినే ఉంటారు. మనకది దోషం. హెవీ మెటల్ అనే పాశ్చాత్య సంగీతంలో గిటారు వాయించేవారు మాత్రం ఆ దోషాన్నే డబ్బిచ్చి కొనుక్కుంటారు! కాలితో నొక్కే ఆ చిన్న పెట్టెను డిస్టార్షన్ పెడల్ అంటారు. దాన్ని ఎలా ఎంచుకోవాలి?

ముందు మన పాలకొల్లు సంగతి చూద్దాం. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (మరణం 2014) మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. మామూలు మాండలిన్‌లో తీగె మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. గమకం పలికించే వ్యవధి ఉండదు. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టారు. ఎలక్ట్రిక్ గిటారుదీ ఇదే పద్ధతి. తీగెల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగె కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ విద్యుత్తును ఆంప్లిఫయర్ రూపు చెడకుండా పెంచుతుంది.

పెడల్ అంతటితో ఆగదు. గిటారు నుంచి 0.1 వోల్టు వచ్చిందనుకోండి. 100 రెట్లు పెంచితే 10 వోల్టులు కావాలి. కాని సుమారు 0.6 వోల్టు దగ్గర సిలికాన్ డయోడ్లు అడ్డుకుంటాయి. తరంగ శిఖరాలు కొడవలితో కోసినట్లు చదునవుతాయి. కాసేపటికి తీగె 0.01 వోల్టే ఇస్తోందనుకోండి. 100 రెట్లంటే 1 వోల్టు, అదీ 0.6 దగ్గరే తెగుతుంది. అంటే కంపనం పదో వంతుకు తగ్గినా నాదం తగ్గినట్లే తోచదు! పైగా చదునైన తరంగంలో అసలు స్వరానికి 3, 5, 7 రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు బలంగా చేరతాయి. ఆ గర్జన వాటిదే.

మరి ఎంత పెంచితే అంత మంచిదా? కాదు. స్వరంతోపాటు 0.001 వోల్టు రొద ఉంటే, మొదట అది స్వరంలో నూరోవంతు. పెంచాక అది 0.1 వోల్టు, స్వరమేమో 0.6 దగ్గరే ఆగింది. అంటే రొద ఆరోవంతయింది!

ఇంకొక చిక్కు కూడా ఉంది. రెండు స్వరాలు కలిపి మీటితే కొత్త స్వరాలు పుడతాయి. షడ్జమం 200, పంచమం 300 అనుకుంటే 100, 400 వంటివి వస్తాయి. అన్నీ 100కు గుణిజాలే కనుక ఇంపుగా కలుస్తాయి. ఎక్కువ స్వరాలు కలిపితే అంతా కలగాపులగమవుతుంది. హెవీ మెటల్‌లో స-ప జంటను తరచు వాడేది అందుకే.

కాబట్టి మీరు పెడల్ కొనబోతే ఈ పరీక్షలు చేయండి:

1. స-ప, తరువాత స-గ-ప మీటండి. ఏ తీగె ఏదో తెలుస్తోందా?

2. అరచేతితో తీగెలు ఆపండి. మిగిలిన రొద ఎంత?

3. రెండు పెడల్‌లను పోల్చేటప్పుడు సౌండు సమానంగా ఉంచండి. బిగ్గరగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది.

డబ్బు ఖర్చు లేని ప్రయోగం కూడా ఉంది. గ్రాఫు కాగితంపై ఒక పెద్ద తరంగం, ఒక చిన్న తరంగం గీసి, రెంటినీ ఒకే ఎత్తులో కత్తిరించి చూడండి. పెడల్ చేసే పని మీ కళ్లకే కనిపిస్తుంది.