లిడింగో పరుగు

పరుగుపందెం అనగానే చదునైన మైదానం, సున్నంతో గీసిన గీతలు మన కన్నులముందు మెదులుతాయి. క్రాస్ కంట్రీ పరుగు ఇందుకు భిన్నమైనది. అడవిబాటలు, పచ్చికబయళ్ళు, మిట్టపల్లాలు గల సహజమైన నేలయే దీనికి వేదిక.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చెంతనున్న లిడింగో ద్వీపంలో 1965లో ఇటువంటి పరుగు ఆరంభమైంది. ఏటా సెప్టెంబరు మాసాంతంలో జరిగే ఈ పోటీలో ప్రధానమైన దూరం 30 కిలోమీటర్లు. బాలబాలికలకు తక్కువ దూరపు పరుగులు వేరుగా ఉంటాయి. వేలాదిమంది ఒక్కుమ్మడిగా బయలుదేరితే ఇరుకైన అడవిదారి చాలదు. అందువల్ల అభ్యర్థులను పూర్వపు వేగాన్నిబట్టి జట్లుగా విభజించి, కొంత వ్యవధితో ఒక్కొక్క జట్టును పంపుతారు.

ఈ మార్గంలో అసలైన పరీక్ష చివరి అంచెలో ఎదురవుతుంది. కాళ్ళు అలసిన వేళ ఆబ్బోర్‌బాకెన్ అనే ఏటవాలు మిట్టను ఎక్కవలసి ఉంటుంది. ఆరంభంలో ఉత్సాహంతో శక్తినంతా వెచ్చించినవాడు అక్కడ చతికిలబడతాడు. తన బలాన్ని ఎరిగి, పొదుపుగా పరుగెత్తినవాడు దానిని దాటగలుగుతాడు.

పన్నెండు నెలల వ్యవధిలో 90 కిలోమీటర్ల మంచుజారుడు పయనం, సుమారు 300 కిలోమీటర్ల సైకిలు యాత్ర, 3 కిలోమీటర్ల నదీ ఈతతోపాటు ఈ పరుగునూ ముగించినవారికి 'స్వీడిష్ క్లాసిక్' గౌరవం లభిస్తుంది. ఆ గౌరవానికి ప్రథమస్థానం అవసరం లేదు. నాలుగింటినీ పూర్తిచేస్తే చాలు. ఇతరులను ఓడించడం కొందరికే సాధ్యం. తన అలసటను తాను జయించే అవకాశం మాత్రం పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. వేలాదిమందిని ఏటా ఆ అడవిబాటకు రప్పించేది ఈ అవకాశమే.