ఆయన డ్యూటీ 14 రోజులు... మీ డ్యూటీ 28

వంటింటి గోడమీద క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క ఒకపక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ ఇంకోపక్క. వాటి మధ్య మీకు మాత్రమే తెలిసిన గుర్తులు రెండు. ఆయన వెళ్లిన రోజుకు సున్నా, వచ్చే రోజుకు టిక్కు. పటమటలో ఫ్లాటయినా, గుడివాడలో అత్తగారిల్లయినా, సముద్రంలో చమురు, గ్యాస్ బావుల మీద పనిచేసేవారి ఇంట్లో కాలం తిరిగేది ఆ రెండు గుర్తుల మధ్యే.

ముంబయి హై కావచ్చు, కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ బేసిన్ కావచ్చు, గల్ఫ్ కావచ్చు. ఓఎన్జీసీలో సముద్రం మీద పని సాధారణంగా 14 రోజులు, ఆ తర్వాత 14 రోజులు సెలవు. ఉన్నన్ని రోజులూ 12 గంటల షిఫ్టు. కాంట్రాక్టు కంపెనీల్లో 28 రోజులకు 28, కొందరికి అంతకన్నా ఎక్కువ. ‘సగం నెల ఇంట్లోనే ఉంటాడు, జీతం నెలంతా వస్తుంది, నీకేం లోటమ్మా’ అంటుంది పక్కింటావిడ. మీరు నవ్వి ఊరుకుంటారు. రాత్రికి తలనొప్పి మాత్ర వేసుకుంటారు. ఇక్కడ చెప్పుకోబోయేది ఆ మాత్ర సంగతే.

స్కాట్లాండ్‌లో ఆబర్డీన్ అనే ఊరుంది. నార్త్ సీ చమురుకు కాకినాడ లాంటిది. చమురు పని మొదలైన కొన్నేళ్లకే అక్కడి మానసిక వైద్యుల దగ్గరికి ఒకే రకం బాధతో ఆడవాళ్లు రావడం మొదలైంది. ఆందోళన, దిగులు, దాంపత్యంలో ఇబ్బంది. ఈ మూడూ భర్త రాకపోకలతో ముడిపడి ఉన్నాయని మోరిస్, టేలర్ అనే పరిశోధకులు గమనించి, 1978లో దానికి ‘ఇంటర్మిటెంట్ హస్బెండ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. మన మాటల్లో ‘వచ్చిపోయే మొగుడి జబ్బు’. (పేరు భర్తది, బాధ భార్యది. ఇదీ మనకు కొత్త కాదు.) గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, కష్టం ఆయన లేకపోవడంలోనే లేదు. మాటిమాటికీ మారడంలో ఉంది. ఒంటరిగా నడపడానికి అలవాటు పడేలోపు ఆయన వస్తారు. ఇద్దరూ కలిసి నడపడానికి అలవాటు పడేలోపు వెళ్తారు. ఏడాదికి పాతికసార్లు గేరు మార్చే ఇంజిన్ మీది.

వచ్చిన మనిషి ఇంకా రాలేదు

పదిహేను రోజులుగా ఎదురుచూసిన మనిషి సోఫాలో కూర్చుని పగలంతా తూగుతారు, అర్ధరాత్రి రెండింటికి లేచి ఫ్రిజ్ తెరుస్తారు. పలకరిస్తే విసుగు. ‘నా మీద ఇష్టం పోయిందా’ అని మీకు అనిపిస్తుంది. ఇందులో ఇష్టం కన్నా నిద్ర పాత్రే ఎక్కువ.

నేలమీద నైట్ డ్యూటీ చేసేవారి ఒంట్లోని గడియారం సాధారణంగా పూర్తిగా తిరగబడదు. పొద్దున్నే ఇంటికొచ్చే దారిలో ఎండ తగిలి సర్దేస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఆ దారి లేదు. షిఫ్టు దిగితే నాలుగడుగుల్లో చీకటి గది. అందుకే రెండు వారాల నైట్ షిఫ్టు చేసినవారిలో గడియారం నిజంగానే పగలూ రాత్రీ మార్చుకుంటుందని నార్త్ సీలో చేసిన అధ్యయనాల్లో తేలింది. అక్కడ అది మేలే. ఇంటికొచ్చాక అదే తంటా. విజయవాడ స్టేషన్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దిగిన ఆయన, అమెరికా నుంచి విమానం దిగినవాళ్లలాంటి స్థితిలో ఉంటారు. సర్దుకోవడానికి కొన్నిసార్లు వారం దాకా పడుతుంది.

కాబట్టి మొదటి మూడు రోజులూ ఏ పనీ పెట్టుకోవద్దు. బంధువుల భోజనాలు, బ్యాంకు పనులు, ఊళ్లో కౌలు లెక్కలు నాలుగో రోజు నుంచి. వచ్చిన మర్నాడే ఆయన చేత కారు నడిపించి తిరుపతి బయల్దేరే అలవాటు కొందరికి ఉంది. అది మాత్రం వద్దు. స్వామి నాలుగు రోజులు ఆగగలరు, స్టీరింగ్ దగ్గర కునుకు ఆగదు.

ఇక తాళాల గుత్తి. ఆయన లేని పద్నాలుగు రోజులూ కరెంటు బిల్లు నుంచి పిల్లాడి జ్వరం దాకా నిర్ణయాలన్నీ మీవే. ఆయన వచ్చీరాగానే ‘మిక్సీ ఇక్కడెందుకు పెట్టావ్’ అంటారు. అప్పటిదాకా మిమ్మల్ని అడిగి చేసిన అత్తయ్యా మావయ్యా కూడా ‘వాణ్ని అడుగుదాం’ అనడం మొదలుపెడతారు. కోపం రావడం సహజం. ఆ మాట మిక్సీ గురించి కాదు, ఇంట్లో తన చోటు వెతుక్కోవడం గురించి. వాదించే బదులు ఒక్క పని పూర్తిగా అప్పగించండి. పిల్లల్ని బడికి దించడం, సాయంత్రం హోంవర్కు... ఏదైనా ఒకటి, వెళ్లేదాకా ఆయనదే. మిగతావి మీ చేతిలోనే ఉండనివ్వండి. ‘నాన్న రానీ, నీ సంగతి చెప్తా’ అనే మాట కూడా మానేయండి. బిడ్డకు ఆ పద్నాలుగు రోజులూ నాన్న ఒక పోలీసు అయిపోతాడు.

రెండు వారాల లెక్కలో తిరకాసు

డిప్రెషన్‌ను గుర్తించడానికి వైద్యులు చూసేది ఒక గడువు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, ఆకలి మారడం, ‘నేనెందుకూ పనికిరాను’ అనిపించడం వంటివి దాదాపు రోజంతా, రోజూ, కనీసం రెండు వారాలు ఉంటే జాగ్రత్తపడాలంటారు. మీ ఇంటి చక్రం కూడా సరిగ్గా రెండు వారాలే. పన్నెండో రోజుకు బాధ ముదిరితే ‘ఎల్లుండి వచ్చేస్తారుగా’ అనుకుంటారు. ఆయన వచ్చాక హడావుడిలో అది కనపడదు. వెళ్లాక మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ఇలా ఏళ్లు గడిచిపోతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేది గుండెదడకో, గ్యాస్ ట్రబుల్‌కో మాత్రమే.

ఆ క్యాలెండర్ మీదే ఇంకో గుర్తు పెట్టండి. నిద్ర పట్టని రాత్రికి ఒక చుక్క, ఏడుపొచ్చిన రోజుకు ఒక గీత. మూడు విడతలు చూడండి. ప్రతి విడతలో అవే రోజుల్లో అవే గుర్తులు పడుతున్నా, ఆయన ఇంట్లో ఉన్నప్పుడూ చుక్కలు ఆగకపోయినా ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇల్లు కదలలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మూడు విడతలు ఆగకూడదు, ఆ క్షణమే ఫోన్ చేయాలి.

పిల్లలు కలగడం లేదా?

ఇది ఇళ్లలో ఎవరూ పైకి మాట్లాడని లెక్క. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారిలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. గర్భం వచ్చే అవకాశం ఆ రోజు, దానికి ముందు 5 రోజులు. ఆయన 14-14 రొటేషన్ కూడా 28 రోజులకోసారే తిరుగుతుంది. అంటే ఆ ఆరు రోజులూ ఒకసారి ఆయన సముద్రం మీద ఉన్నప్పుడు పడ్డాయంటే వచ్చే నెలా అక్కడే పడతాయి, ఆపై నెలా అక్కడే. ఇద్దరిలోనూ లోపం లేకపోయినా ఏడాది గడిచిపోవచ్చు. ఈలోపు పేరంటాల్లో అడిగే ప్రశ్నలన్నీ మీకే. కాబట్టి పరీక్షల కన్నా ముందు ఆయన రొటేషన్ తేదీలు, మీ నెలసరి తేదీలు ఒకే కాగితం మీద రాసి గైనకాలజిస్టుకు చూపించండి. కొన్నిసార్లు తోటి ఉద్యోగితో ఒక్క విడత మార్చుకుంటే సరిపోతుంది. అయితే మీ వయసు 35 దాటితే పరీక్షలకు ఆలస్యం చేయొద్దు.

పిల్లలు వద్దనుకునేవారిది ఇంకో పొరపాటు. ఆయన ఉన్న రోజుల్లోనే గర్భనిరోధక మాత్ర వేసుకోవడం. రోజూ వేసుకోవాల్సిన మాత్ర అలా పనిచేయదు. ప్రతి విడతా ఎమర్జెన్సీ మాత్ర మింగడం అంతకన్నా పొరపాటు. కాపర్-టీ, మూడు నెలలకోసారి చేసే ‘అంతర’ ఇంజెక్షన్ వంటివాటి గురించి అడగండి. ఆయన వస్తున్నారని నెలసరి వాయిదా మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది.

తుపాను రాత్రి

దివిసీమ వైపు ఇళ్లలో సముద్రమంటే ఉండే భయం వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన అత్తయ్య, గాలి హోరు వినగానే దీపం ముందు కూర్చుంటుంది. 2021 మేలో తౌక్టే తుపానులో ముంబయి హై దగ్గర పీ-305 బార్జ్ మునిగి పదులమంది చనిపోయినప్పటి టీవీ దృశ్యాలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ భయాన్ని ‘అనవసరం’ అనకండి, అనిపించుకోకండి. దాన్ని టీవీకి మాత్రం అప్పగించొద్దు. రాత్రంతా స్క్రోలింగ్ చూస్తే తెలిసేదేమీ ఉండదు, నిద్ర పోతుంది. గ్యాస్ ఉండే చోట మామూలు సెల్‌ఫోన్ వాడనివ్వరు, కాబట్టి ఫోన్ తీయకపోవడం ప్రమాదానికి గుర్తు కాదు. కంపెనీ బేస్ ఆఫీసు ల్యాండ్‌లైన్, ఆయన షిఫ్టు వేళలు, ప్లాట్‌ఫాం లేదా రిగ్గు పేరు ముందే రాసి పెట్టుకోండి. పేరు తెలియకపోతే ఆఫీసువాళ్లు కూడా ఏమీ చెప్పలేరు. గాలివానలో హెలికాప్టర్లు ఎగరవు. ‘రేపు వస్తా’ అన్నది మూడు రోజులు ఆలస్యం కావచ్చు, పిల్లలకు తేదీ చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.

ఆపద ఎప్పుడూ సముద్రం వైపే రాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇంటాయన ఊళ్లో లేని కుటుంబాల గతి ఏమిటో బెజవాడ చూసింది. మీ వీధిలో అర్ధరాత్రి తలుపు తట్టగల ఇల్లు ఒకటి, ఊళ్లోనే వేరే పేటలో వెళ్లి ఉండగల ఇల్లు ఒకటి... ఈ రెండూ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

చివరగా వెళ్లేముందు రెండు రోజులు. చిన్న మాటకే గొడవ వస్తుంది. ‘ఎలాగూ వెళ్లేవాడివేగా’ అని నోరు జారతారు. చాలా ఇళ్లలో ఇది ఉన్నదే. విడిపోవడం తేలిక చేసుకోవడానికి మనసు కోపం వెతుక్కుంటుంది. ఆ రెండు రోజుల్లో డబ్బు సంగతి, అత్తమామల సంగతి ఎత్తకండి. పెట్టె ముందురోజు మధ్యాహ్నానికే సర్దేయండి. హెలికాప్టర్ ఎక్కేముందు సామాను తూకం వేస్తారు, ఆవకాయ సీసా చిన్నదే పెట్టండి. ఆయన బయల్దేరిన సాయంత్రం ఖాళీ ఇంట్లో పక్కదుప్పట్లు ఉతుకుతూ కూర్చోవద్దు. పిల్లల్ని తీసుకుని అక్కయ్య ఇంటికో, పున్నమి ఘాట్‌కో వెళ్లిరండి. దుప్పట్లు రేపు ఉతకొచ్చు.