ఎడారినగరమున వేడినీటి పంపు

కొలరాడో, సాల్ట్ నదుల జలమును కాలువలద్వారా తెచ్చుకొని బ్రదుకుచున్న అరిజోనా ఎడారినగరము చాండ్లర్‌లో, గ్యారేజీలోని హీటరునుండి స్నానగృహమునకు వేడినీరు చేరులోపల చల్లారిన నీరు తూముపాలగుట చూచిన మన తెలుగు ఇల్లాలు కుళాయిక్రింద బకెట్టు పెట్టక మానదు. ముప్పాతిక అంగుళపు రాగిగొట్టము 50 అడుగులున్నచో అందు నిలిచియుండునది దాదాపు 5 లీటర్లు!

ఈ నష్టమును మాన్పుటకై హీటరునుండి వేడినీరు వెలువడుచోట చిన్నపంపును, అన్నిటికన్న దూరపు సింకుక్రింద వేడి, చల్లని గొట్టములను కలుపు కవాటమును అమర్చుదురు. పంపు చల్లారిన నీటిని కవాటముగుండ చల్లనిగొట్టములోనికి నెట్టి హీటరువైపు మరలించును. వేడి సోకినంతనే కవాటము తనంత తాను మూసికొనును. గోడలు పగులగొట్టి వేరుగొట్టము వేయనక్కరలేదు. అయితే చల్లని కుళాయియు కొంతసేపు గోరువెచ్చనగును.

పంపు అహోరాత్రములు తిరిగినచో గొట్టములవెంట వేడి వ్యర్థమగును గనుక, స్నానవేళలకు మాత్రమే టైమరు పెట్టుకొనుడు.