గుమ్మానికి కట్టిన కలబంద బతికింది... కుండీలోది ఎందుకు కుళ్ళింది?

నరసరావుపేటలో మా వీధిలో నాలుగడుగులు వేస్తే చాలు, ఏదో ఒక గుమ్మానికి తలకిందులుగా వేలాడుతున్న కలబంద కనిపిస్తుంది. దిష్టి తగలకుండా కట్టింది. దానికి మట్టి లేదు, కుండీ లేదు, ఎవరూ చెంబెడు నీళ్ళు పోసింది లేదు. అయినా నెలల తరబడి పచ్చగానే వుంటుంది. కొన్నయితే కొసలు పైకి తిప్పుకుని ఎదుగుతాయి కూడా. అదే కలబంద పిలకని ముచ్చటపడి తెచ్చి, కుండీలో పెట్టి, పొద్దున్నే తులసమ్మతోపాటు దానికీ నీళ్ళు పోస్తూ వస్తే రెండు నెలలు తిరక్కుండానే మెత్తబడి కూలబడుతుంది. ఈ వింత మీరూ చూసే వుంటారు.

నాకు మాత్రం ఈ సంగతి కాస్త కష్టపెట్టే తెలిసింది. గురజాలలో మా పుట్టింటి పెరటి గోడమీద, అడుగున చిల్లిపడ్డ పాత కుండలో అమ్మ ఒక కలబంద పెంచేది. చెయ్యి కాలినా, తలలో వేడి చేసినా దాని దగ్గరికే పరుగు. అమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. చీరలూ, ఇత్తడి సామానూ అక్కచెల్లెళ్ళం పంచుకున్నాం. మొక్క సంగతి ఎవరికీ పట్టలేదు. నేనే పీకి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

తెచ్చి ఏం చేశాను? ఖాళీ అయిన రంగుడబ్బా చూడ్డానికి బాగుందని అందులో పెట్టాను. చేలోంచి నల్లమట్టి తెప్పించి, పశువుల ఎరువు దండిగా కలిపాను. అమ్మ మొక్క కదా, లోటు చెయ్యకూడదని రోజూ నీళ్ళు. శ్రావణమాసం వచ్చేసరికి ఆకులు ముడతలు పడ్డాయి. అయ్యో దాహమనుకుని ఇంకో చెంబు పోశాను. మర్నాటికి ఇంకా ముడతలు. మళ్ళీ ఇంకో చెంబు.

మా అత్తయ్యగారిది మాచర్ల వైపు పల్లె. ఆవిడ ఒకరోజు దాని దగ్గర కూర్చుని రెండు వేళ్ళతో ఇలా అన్నారో లేదో, మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద వేళ్ళు లేవు. నల్లగా జిగురు, మురుగు వాసన. "నీళ్ళు పోసి చంపావుగదమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

దాహంతోనూ ముడతే, కుళ్ళుతోనూ ముడతే!

ఇక్కడే మనలాంటి వాళ్ళం బోల్తా పడేది. వేళ్ళు కుళ్ళిపోయాక మొక్కకి నీళ్ళు తాగే దారే వుండదు. చుట్టూ నీళ్ళున్నా తాగలేక, దాచుకున్నదే ఖర్చు పెట్టుకుంటూ ముడతలు పడుతుంది. మనకి అది దాహంలా కనిపిస్తుంది. ఇంకా పోస్తాం. మిగిలిన రెండు వేళ్ళూ పోతాయి.

అందుకని ముడత చూడగానే చెంబు అందుకోకండి. ముందు చీపురుపుల్ల అందుకోండి. కుండీ అంచు పక్కనుంచి అడుగుదాకా గుచ్చి, రెండు నిమిషాలుంచి తీయండి. పొడిగా వచ్చి, ఆకు పల్చబడినా గట్టిగానే వుంటే దాహమే. పుల్లకి తడిమట్టి అంటుకుని, కింది ఆకులు పసుపు తిరిగి, వెలుతురు కనపడేంత నీరుగారిపోయి, నొక్కితే వుడికిన వంకాయలా జారితే అది కుళ్ళు. అనుమానంగా వుంటే మొక్కని మెల్లగా కదిలించి చూడండి. వేళ్ళున్న మొక్క పట్టు ఇస్తుంది, లేనిది వూగుతుంది. అన్నిటికన్నా అడుగున వున్న ఒకటి రెండు ఆకులు మాత్రం కాగితంలా ఎండి రాలిపోతుంటే కంగారు పడక్కర్లేదు. అవి ముసలి ఆకులు, అంతే.

నిజంగా దాహమైతే దోసెడు నీళ్ళు చల్లి వూరుకుంటే లాభం లేదు. మన పల్నాడులో నల్లరేగడి ఎండితే బిగుసుకుపోయి కుండీ అంచునుంచి విడిపోతుంది. పైన పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కిందికి వచ్చేస్తాయి. పళ్ళెంలో నీళ్ళు చూసి మొక్క తాగిందనుకుంటాం, మధ్యలో మట్టిముద్ద ఎండిపోయే వుంటుంది. అలాంటప్పుడు కుండీని బేసిన్లో సగానికి నీళ్ళు పోసి అరగంట కూర్చోబెట్టండి. తర్వాత తీసి పూర్తిగా కారనివ్వండి. మూడు నాలుగు రోజుల్లో ఆకు మళ్ళీ వుబ్బుతుంది.

అసలు వీటి సంసారమే వేరు

కలబంద, రణపాల, జేడ్, స్నేక్ ప్లాంట్ లాంటివి ఆకుల్లోనో, కాడల్లోనో నీళ్ళు దాచుకునే మొక్కలు. నర్సరీవాళ్ళు సక్యులెంట్లు అంటారు. మిగతా మొక్కలు పగలు ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. అప్పుడు లోపలి తేమ కూడా ఆవిరైపోతుంది. వీటిలో చాలా మటుకు అవి పగలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తాయి. పగలు తలుపులేసుకుని సాయంత్రం అరుగుమీదికొచ్చే మన వేసవి అలవాటులాంటిదే అనుకోండి! గుమ్మానికి కట్టిన కలబంద అన్నాళ్ళు బతకడానికి కారణం ఇదే. దాచుకున్నది పొదుపుగా వాడుకుంటుంది. అదీ ఎల్లకాలం కాదు, ఏదో ఒకనాటికి వడిలిపోవాల్సిందే.

వేళ్ళకి కావలసింది నీళ్ళకంటే ముందు గాలి. తడి ఆరని మట్టిలో గాలి ఆడదు, బూజు చేరి వేళ్ళు చస్తాయి. మన చేలగట్ల మీది నాగజెముడు చూడండి. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క అది. మన రాళ్ళగట్ల మీద ఎవరూ పట్టించుకోకుండానే సుఖంగా వుంది. కంచె మీద పాకే నల్లేరూ ఈ జాతి స్వభావమే. దానిమీద సామెత కూడా వుంది. (లేత నల్లేరు కణుపులు నూనెలో వేయించి, చింతపండేసి పచ్చడి చేస్తే ఆ రుచే వేరు. తరిగేటప్పుడు చేతులకి నూనె రాసుకోవడం మర్చిపోకండి, దురద!)

కుళ్ళినదాన్ని ఎలా నిలబెట్టాం

అత్తయ్యగారు చేసింది ఇది. మొక్కని తీసి మట్టంతా దులిపారు. వేళ్ళు కడిగి చూస్తే ఒక్కటీ బాగా లేదు. కత్తి పీటకాదు, పదునైన చాకు తీసి, మంటమీద కాల్చి, చల్లార్చి, మొదట్లోంచి పలచగా కోస్తూ వచ్చారు. కోసిన చోట గోధుమరంగు చుక్క గానీ, వలయం గానీ కనపడినంతకాలం ఇంకో పొర కోయడమే. చివరికి లోపల శుభ్రంగా, గట్టిగా వున్న మొదలు రెండంగుళాలు మిగిలింది. అమ్మ కుండనిండా వుండే మొక్క అరచేతిలో పట్టేంతయింది.

తర్వాతే అసలు కష్టం. దాన్ని వెంటనే నాటకూడదు. కోసిన చోట పసుపు అద్ది, కిటికీ పక్కన నీడలో, పాత పేపరుమీద పడుకోబెట్టారు. పసుపు మన ఇళ్ళలో అలవాటు గానీ, మందు మాత్రం ఆరబెట్టడమే. నాలుగురోజులకి కోసిన చోట పొక్కు కట్టింది. వానలు పట్టి గాలిలో తేమ వుంటే వారం కూడా పడుతుంది. ఆ నాలుగురోజులూ నాకు చెయ్యి లాగుతూనే వుంది, కొంచెం నీళ్ళు చిలకరిద్దామా అని.

ఆరాక పొడిమట్టిలో నాటి, వారంపాటు చుక్క నీరు పోయలేదు. గాయం మానకుండా తడి తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. వారం తర్వాత కొద్దిగా, ఆ తర్వాత పదిరోజులకోసారి. నెల పట్టింది మధ్యలోంచి కొత్త మోసు రావడానికి. తొందరపడి వేళ్ళొచ్చాయేమోనని పీకి చూడకండి. పీకి చూడ్డంవల్ల చచ్చిన మొక్కలు బోలెడు!

మట్టి సంగతి: నల్లమట్టి ఒక పాలు, కాస్త గరుకుగా వుండే ఇసక రెండు పాళ్ళు, బఠాణీగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు. ప్లాస్టరింగుకి జల్లించిన సన్న ఇసక పనికిరాదు, అదీ బిగుసుకుంటుంది. కొత్తగా నాటినప్పుడు ఎరువు వద్దు. బండిమీద కొన్న మొక్కలు చాలావరకు కొబ్బరిపొట్టులో వస్తాయి. అది తడిస్తే ఒక పట్టాన ఆరదు, కాబట్టి తెచ్చిన పదిరోజుల్లో మట్టి మార్చేయండి. కుండ మట్టిదైతే మంచిది, పక్కలనుంచి కూడా ఆరుతుంది. రంగుడబ్బా తప్పదంటే అడుగున మేకు కాల్చి ఐదారు చిల్లులు పొడవండి. చిల్లి లేకుండా అడుగున రాళ్ళు పరిస్తే సరిపోతుందనుకోవడం భ్రమ. నీళ్ళు ఆ రాళ్ళలోనే నిలవుంటాయి.

ఒక్కోదానిదీ ఒక్కో తీరు

కలబందకి ఆకు తుంచి నాటితే మొక్క రాదు, పిలకలే దిక్కు. రణపాల దీనికి పూర్తిగా ఎదురు. ఆకు తుంచి మట్టిమీద పడేస్తే అంచుల నొక్కుల్లోంచి బుల్లి బుల్లి మొక్కలు లేస్తాయి. ముసలి రణపాల కుళ్ళుతుంటే దానితో కుస్తీ పట్టడం దేనికి, మంచి ఆకులు రెండు దాచుకోండి చాలు. స్నేక్ ప్లాంట్ ఆకుని ముక్కలు కోసి ఆరబెట్టి నాటినా వేళ్ళు పోసుకుంటుంది. అయితే పసుపు అంచు రకం ఆకు ముక్కనుంచి వచ్చిన పిల్లలకి ఆ అంచు రాదు, ఉత్త పచ్చగా వస్తాయి. అంచు కావాలంటే దుంపతో సహా విడదీయాల్సిందే.

జేడ్ పేరుతో మనకి రెండు రకాలు అమ్ముతున్నారు. ఎర్రటి సన్నకాడ, చిటికెనగోరంత ఆకు వుంటే అది ఎలిఫెంట్ బుష్. ఎండకి బాగా ఓర్చుకుంటుంది. ఆకులు పెద్దవిగా, దళసరిగా, కాడ లావుగా వుంటే అది అసలు జేడ్. రెండూ దక్షిణాఫ్రికావే గానీ రెండోది సుకుమారి. ముందుగదిలో షోకేసు మీద పెడితే రెండు రకాలూ వెలుతురు కోసం మెడ చాచి, ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు సాగిపోతాయి. సాగిన కాడ మళ్ళీ పొట్టిబడదు. పైభాగం తుంచి ఆరబెట్టి నాటుకోవడమే.

అడీనియం చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తే చచ్చిపోయిందని పారేసినవాళ్ళు నాకు తెలుసు. దాని లావుపాటి మొదలు నొక్కి చూడండి. గట్టిగా వుంటే నిద్రపోతోంది, నీళ్ళు తగ్గించి వదిలేయండి. మెత్తగా వుంటే మాత్రం కోత తప్పదు.

తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఆకు మొదళ్ళలో కనిపిస్తే దూదిపుల్లని స్పిరిట్లో ముంచి తుడిచేయండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. కుండీ చుట్టూ చీమలు బారులు తీరితే వెతికి చూడండి. పిండినల్లి వదిలే తీపికోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి.

మన ఎండలకి

రెంటచింతల పేరు వేసవి వార్తల్లో రాకుండా వుండదు గదా. 45 డిగ్రీలు దాటే ఎండలో ఎడారి మొక్కలే కదా అని వీటిని డాబామీద వదిలేయకండి. అడవిలో అవి రాళ్ళసందుల్లో, పొదల నీడన పెరుగుతాయి. డాబామీది కుండీలో వేళ్ళు వేడెక్కి వుడుకుతాయి. కోటప్పకొండ తిరునాళ్ళ వెళ్ళిందంటే కుండీలు తూర్పు వరండాలోకి దించేయడం మంచిది. పొద్దుటి ఎండ చాలు. అడీనియం ఒక్కదానికే మినహాయింపు, అది ఎండలోనే పూస్తుంది. కలబంద ఆకు ఎర్రగా, రాగిరంగుకి తిరిగితే ఎండ ఎక్కువైందని అర్థం, నీడకి తెస్తే మళ్ళీ పచ్చబడుతుంది. తెల్లగా, బొబ్బలెక్కినట్టు మచ్చపడితే ఆ మచ్చ ఇక పోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. వడగాడ్పు రోజుల్లో రాత్రిళ్ళు కూడా చల్లబడవు. అప్పుడు ఈ మొక్కలు ఎదగడం ఆపేసి ముడుచుకుని కూర్చుంటాయి, నీళ్ళు తాగడం కూడా తగ్గిస్తాయి. మే నెలలో జాలిపడి పోసిన చెంబుడు నీళ్ళే వాటి పాలిట శాపం. పోసేదేదో సాయంత్రం పొద్దువాలాక, మట్టి పూర్తిగా ఆరాకే పొయ్యండి. వానాకాలంలో కుండీలు చూరుకిందికి జరిపితే చాలు.

మన బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. కుండ అంచున తెల్లగా పేరుకునేది అదే. వాన కురిసినప్పుడు రెండు బిందెలు పట్టుకోండి, ఈ మొక్కలకి నెలలు సరిపోతాయి.

చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. ముళ్ళ యుఫోర్బియా పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, అడీనియం పాలు విషం. కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కలబంద ఆకు కోయగానే కారే పసుపు జిగురే ఎండితే ముసాంబరం అవుతుంది. అది కడుపులోకి వెళితే విరేచనాలు పట్టుకుంటాయి. ఆకు కాసేపు నిలువుగా పెట్టి ఆ జిగురు కారిపోయాకే గుజ్జు తీసి ముఖానికి రాసుకోండి. గర్భిణులు లోపలికి పుచ్చుకోవద్దు.

అమ్మ కలబంద ఇప్పుడు చిల్లికుండలో, మెట్లపక్క గోడమీద వుంది. కిందటేడు కార్తీకంలో మూడు పిలకలు వేసింది. జానెడెత్తు వచ్చి, సొంత వేళ్ళు పోసుకున్నాక విడదీశాను. ఒక్కచోటే వుంటే మళ్ళీ ఏమవుతుందోనన్న భయంతో ఒకటి సత్తెనపల్లిలో మా చెల్లెలికీ, ఒకటి మాచర్లలో మా ఆడపడుచుకీ పంపాను. ఇద్దరికీ నీళ్ళ సంగతి ఫోనులో రెండేసిసార్లు చెప్పాను. మూడోదాన్ని గుమ్మానికి కడదామని అత్తయ్యగారు అడుగుతున్నారు. నాకింకా మనసొప్పలేదు.