'అక్కడక్కడా వాన' అంటే మన వీధిలోనా, పక్క వీధిలోనా?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఇది మామూలే. పొద్దున టీవీలో 'ఎల్లో అలర్ట్' అంటారు. మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది. అసర్ వేళకు ఒక్కసారిగా మబ్బు కమ్ముతుంది. చార్మినార్ దగ్గర రోడ్ల మీద నీళ్లు పారుతుంటే, టోలిచౌకిలో చినుకు కూడా పడదు. "మళ్లీ తప్పు చెప్పారు" అని టోలిచౌకి వాళ్లు నవ్వుకుంటారు.

వలీమా కోసం మైదానంలో షామియానా వేయించిన కుటుంబానికి మాత్రం నవ్వు రాదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్ప పోసిన రైతుకూ రాదు. వాళ్లకు కావాల్సింది ఒక్కటే. ఈ సూచనను ఎంతవరకు నమ్మాలి?

ఉక్కపోతే వానకు ఇంధనం

ఈ రోజుల్లో బంగాళాఖాతం నుంచి తేమ గాలులు లోపలికి వస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకే 38 డిగ్రీలే ఉన్నా ఒళ్లు ఉడికిపోయినట్టు ఉంటుంది. కాలిన నేల మీద వేడెక్కిన గాలి ఆ తేమను మోసుకుని పైకి లేస్తుంది. పైన ఆవిరి నీరుగా మారేటప్పుడు మళ్లీ వేడి పుట్టి, మబ్బును ఇంకా పైకి నెడుతుంది. అలా 12 కిలోమీటర్లు దాటి ఎదిగేవే క్యుములోనింబస్ మేఘాలు. ఉరుములు, పిడుగులు, రాళ్ల వాన, ఈదురు గాలి అన్నీ వాటి నుంచే.

అయితే ఇలాంటి మేఘం ఒక్కోసారి కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. గంట, గంటన్నరలో దాని పని అయిపోతుంది. పొయ్యి మీద ఎసరు మరుగుతుందని ముందే చెప్పొచ్చు గానీ, మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందో చెప్పలేం. పొద్దున ఇచ్చే సూచన కూడా అంతే.

మాటలకు లెక్క ఉంది

వాతావరణ శాఖ వాడే మాటలు ఊరికే వాడేవి కావు. 'ఒకటి రెండు చోట్ల' లేదా 'అక్కడక్కడా' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల వాన పడొచ్చని అర్థం. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం, 'చాలా చోట్ల' అంటే 51 నుంచి 75 శాతం. అంతకు మించితే 'దాదాపు అన్ని చోట్లా'. కాబట్టి 'అక్కడక్కడా' అన్న రోజు మన వీధి తడవకపోతే సూచన తప్పినట్టు కాదు.

రంగులదీ ఇదే పద్ధతి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి.

అసలు కబురు మూడు గంటల ముందే

మేఘం పుట్టాక రాడార్‌కు చిక్కుతుంది. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మేఘం ఎటు కదులుతోందో, ఎంత బలంగా ఉందో అవి చూపిస్తాయి. వాటి ఆధారంగా వచ్చే మూడు గంటలకు 'నౌకాస్ట్' అనే సూచన ఇస్తారు. మన పేటకు, మన మండలానికి పనికొచ్చేది ఇదే. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరికైనా మధ్యాహ్నం నుంచి ఇది చూసే పని అప్పజెప్పడం మంచిది. పిడుగుల కోసం పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన 'దామిని' యాప్ ఉంది. చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే అది చెబుతుంది.

ఫోన్ లేకపోయినా చెవులు ఉన్నాయి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగాలి.

దావత్ ఉన్న రోజు

ఇనుప స్తంభాల షామియానా పిడుగు నుంచి కాపాడదు. ఈదురు గాలికి అదే మీద పడొచ్చు. చెట్టు కిందా నిలబడకూడదు. బైక్ మీద వచ్చేవాళ్లు దారిలో చెట్టు కింద ఆగే అలవాటు మానుకోవాలి.

అందుకే ముందురోజే పక్కా గోడలున్న హాలో, బడో, దగ్గరి బంధువుల ఇల్లో మాట్లాడి ఉంచుకోవాలి. ఆ పొద్దున రంగు చూడాలి. మధ్యాహ్నం నుంచి నౌకాస్ట్ చూడాలి. చల్లని గాలి ఒక్కసారిగా విసిరిందంటే మబ్బు దగ్గరికి వచ్చినట్టే. అప్పుడు దేగ్చీల సంగతి తర్వాత, ముందు పిల్లల్నీ పెద్దవాళ్లనీ లోపలికి పంపాలి.