ఘంటసాలవారి భగవద్గీత: శ్రోతల అభిప్రాయములు

తెల్లవారుజామున వీధి చివర మైకులో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి భగవద్గీత వినవచ్చినచో, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల పల్లెలలో పెద్దలు ముందుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఎవులు పోనారు?” తెలుగువారి నంతకాలము అలరించిన గాయకుని చివరి కానుకకు ఈ ప్రశ్న అంటుకొనుట న్యాయమా? ఈ రికార్డును గురించి శ్రోతలలో వినవచ్చు అభిప్రాయములను కొన్నింటిని ఇచట పరిశీలింతము.

ఘంటసాలవారు 1922లో కృష్ణాజిల్లాలో జన్మించినను, వారి సంగీతము పండినది విజయనగరముననే. సంగీత కళాశాలలో చదువుచు, మధుకరమెత్తి కడుపు నింపుకొని, సాలూరు చినగురువుగారని ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులైరి. ఆ గురువుగారి కుమారులు సంగీతరావుగారే అనంతరకాలమున సంగీత రచనలో వారికి కుడిభుజముగ నిలిచిరి. అనారోగ్యము పీడించుచున్న చివరి సంవత్సరములలో ఘంటసాలవారు గీతను పాడిరి. 1974 ఫిబ్రవరి 11న వారు కీర్తిశేషులైరి. రికార్డు వెలువడినది ఆ తరువాతనే.

ఇందు సినిమా పాటలనాటి హొయలు లేదనియు, గొంతు బరువెక్కినదనియు కొందరందురు. గొంతు బరువెక్కిన మాట నిజమే. కాని ఇచట గాయకుడు అలరింపబూనలేదు, చెప్పబూనెను. శ్లోకమును రాగయుక్తముగ పాడి, వెంటనే తాత్పర్యమును తెలుగు వచనమున తానే చదువును. పాటకు, మాటకు నడుమ ఆ గొంతు మారదు. సంస్కృతమెరుగని రైతు, బడికి పోని గృహిణి గీతార్థమును తెలిసికొనగలిగినది ఈ పద్ధతివలననే. ఆ పనికి తేలికపాటి గొంతుకన్న బరువైన గొంతే తగినదని మా నమ్మకము.

గీతలో 700 శ్లోకములుండగా కొన్నింటినే ఏరి పాడుట లోపమని పండితులైన శ్రోతలు కొందరందురు. పారాయణమునకు ఇది చాలదనుట సత్యమే. అయితే ఇది పారాయణ గ్రంథము కాదు, ద్వారబంధము వంటిది. లోనికి పోదలచినవారికి మూలగ్రంథము ఉండనే యున్నది.

ఇక మొదటి ప్రశ్న. గాయకుడు మరణించిన పిమ్మట వచ్చిన రికార్డగుటచే, తొలి శ్రోతలు దానిని శోకముతోనే వినియుందురు. ఆత్మకు చావులేదను రెండవ అధ్యాయము దుఃఖితులకు ఊరట గూర్చును. కనుక శవయాత్రలలో ఇది మ్రోగుట వింతగాదు, తప్పునుగాదు. దుఃఖించు ఇంటికి ఓదార్పు నిచ్చిన గొంతును కాదనువారెవరు?

తప్పెచటనన, ఇతర సమయములలో ఇంటిలో దీనిని పెట్టుట అశుభమని భయపడుటలో నున్నది. గీత చెప్పబడినది మృతునికి గాదు. బ్రతికియుండి, చేయవలసిన పనికి వెనుదీసి, విల్లు జారవిడిచిన అర్జునునికి. వినిన పిమ్మట అతడు లేచి నిలిచెను. పరీక్షకు పోవు బాలుడు, అప్పుల చింతతో నున్న గృహస్థు వినదగినది ఇంతకంటె మరేమి కలదు?

కావున శ్రోతలకు మా మనవి యొక్కటే. ఏ శుభదినమునందైనను, ఇంటిల్లిపాది కూడియున్నపుడు, మొదటినుండి ఒక్కసారి నిదానముగ వినుడు. ఇరుగుపొరుగువారు వచ్చి “ఎవులు పోనారు?” అని అడిగినచో, వారినిగూడ కూర్చుండబెట్టి వినిపింపుడు.