పొట్టివాడని పంపించేశారు!

డ్రిల్లు పీరియడులో మాస్టారు మిమ్మల్ని పొడుగు ప్రకారం వరుసలో నిలబెట్టిన రోజు ఒకసారి గుర్తుచేసుకోండి. అందరూ తొమ్మిదో తరగతే. అందరికీ ఇంచుమించు పద్నాలుగేళ్లే. అయినా వరుసకు ఒక చివర నూనూగు మీసాల కుర్రవాడు ఉంటాడు. రెండో చివర, ఎవరి తమ్ముడో దారితప్పి ఇటు వచ్చాడా అనిపించేవాడు ఉంటాడు. ఈ వరుసలోంచి ఫుట్‌బాల్ జట్టుకు పదకొండు మందిని ఎంచమంటే మీ చెయ్యి ముందు ఎటు చూపిస్తుంది?

ఇంగ్లండులో పేరుపొందిన క్లబ్బుల శిక్షకుల చెయ్యి కూడా అటే చూపించింది.

షెఫీల్డ్ ఆ దేశంలో ఉక్కుకు ప్రసిద్ధికెక్కిన నగరం. 1987 జనవరిలో అక్కడ పుట్టిన జేమీ వార్డీ, షెఫీల్డ్ వెన్స్‌డే అనే క్లబ్బువారి పిల్లల జట్టులో ఆడేవాడు. (వెన్స్‌డే అంటే బుధవారమే! ఆ క్లబ్బు పెట్టినవాళ్లకు బుధవారం సగంపూట సెలవు ఉండేది. అదే పేరైపోయింది.) వార్డీకి 16 ఏళ్లు వచ్చేసరికి క్లబ్బువారు, "నువ్వు మరీ చిన్నగా ఉన్నావు" అని పంపించేశారు. తమాషా ఏమిటంటే, ఆ తరువాత కొద్దికాలానికే అతను దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగాడు!

ఇది ఎలా జరిగింది? ఇందుకు జవాబు ఫుట్‌బాల్ మైదానంలో లేదు, మన ఎముకల్లో ఉంది.

ఫ్రాన్సులో మాంబెయార్ అనే ప్రభువుకు 1759లో ఒక కొడుకు పుట్టాడు. ఆ తండ్రి కొడుకును ఆరేసి నెలలకొకసారి నిలబెట్టి కొలుస్తూ, 1777 వరకు, అంటే పద్దెనిమిదేళ్లపాటు, లెక్క రాసిపెట్టాడు. ఒకే పిల్లవాడి పెరుగుదలను మొదటి నుంచి చివరి దాకా కొలిచిన తొలి లెక్క అదేనంటారు. ఆ అంకెలను గ్రాఫు మీద పెట్టి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. పుట్టినప్పుడు వేగంగా సాగిన పెరుగుదల ఏటేటా మందగిస్తూ వస్తుంది. ఇక ఆగిపోతుందేమో అనుకునేంతలో పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఒక్కసారి కొండలా పైకి లేస్తుంది. ఆ తరువాత దబ్బున పడిపోతుంది.

ఆ కొండ ప్రతివాళ్ల జీవితంలోనూ వస్తుంది. అయితే ఒకే వయసులో రాదు. ఆడపిల్లలకు సగటున పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలకు పద్నాలుగేళ్లప్పుడు వస్తుంది. కాని ఇది సగటు మాత్రమే. కొందరు కుర్రవాళ్లకు పన్నెండేళ్లకే వచ్చేస్తుంది, మరికొందరికి పదహారేళ్లకు గాని రాదు. ఒకే రోజు నాటిన రెండు మామిడి మొక్కలు ఒకే ఏడు కాపుకు రావాలని ఎక్కడుంది?

తొడ ఎముక వంటి పొడవైన ఎముకల చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. అందులో కొత్త కణాలు పుడుతూ, పాతవి గట్టి ఎముకగా మారుతూ ఉంటే ఎముక పొడుగు సాగుతుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పెరుగుదల హార్మోనును వదులుతుంది. కౌమారంలో దానికి లైంగిక హార్మోనులు తోడవుతాయి. అప్పుడు ఎముకల్లో పని జోరుగా సాగుతుంది. ముందు కాళ్లు సాగుతాయి, తరువాత మొండెం. మీలో కొందరికి పంట్లాము ఏడాది తిరక్కుండానే పొట్టిదైపోవడం ఇందుకే! కండబలం ఇంకా కొన్నాళ్లు ఆగి వస్తుంది. చివరికి ఆ మృదులాస్థి పలక కూడా గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. ఇక పెరగడం అన్నది ఉండదు.

కాబట్టి మనకు రెండు వయసులు ఉన్నాయన్నమాట. ఒకటి పుట్టినతేదీ చెప్పే వయసు, రెండోది ఎముకలు చెప్పే వయసు. ఎడమ చేతికి ఎక్స్‌రే తీసి ఈ రెండో వయసును లెక్కకడతారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే కనుక ఎక్స్‌రేలో కనబడవు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే, సాయంత్రం చుక్కలు పొడిచినట్టు, బొమ్మలోకి వస్తాయి. వీటిని, వేళ్ల ఎముకల్లోని పలకలను చూసి వయసు చెబుతారు. లండనులో టానర్ అనే వైద్యశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పద్ధతిని చాలా మెరుగుపరిచారు. ఒకే రోజున పుట్టిన ఇద్దరు పద్నాలుగేళ్ల కుర్రవాళ్ల ఎముకల వయసుల్లో నాలుగేళ్ల తేడా కూడా కనబడవచ్చు.

ఇప్పుడు మళ్లీ మన వరుస దగ్గరకు రండి. చివరనున్న మీసాల కుర్రవాడి ఎముకల వయసు పదహారు, ఇవతలి చివరివాడిది పన్నెండు అయితే, వాళ్లిద్దరి మధ్య పోటీ పెట్టడం తొమ్మిదో తరగతికీ ఏడో తరగతికీ పోటీ పెట్టడం కన్నా అన్యాయం. పెద్దవాడు నిజంగానే వేగంగా పరుగెత్తుతాడు, భుజంతో తోసి బంతి లాక్కుంటాడు. అతన్ని ఎంచుకున్న శిక్షకుడు ఈ శనివారం మ్యాచ్ గెలుస్తాడు. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే అక్కడితో ఆగదు. ఎంపికైనవాడికి మంచి శిక్షణ, మంచి బూట్లు, గట్టి ప్రత్యర్థులు దొరుకుతారు. ఇంటికి పంపిన వాడు ఆరేడు అంగుళాలు పెరిగి తిరిగి వచ్చేసరికి ఇద్దరి మధ్య నాలుగేళ్ల శిక్షణ తేడా ఉంటుంది. ఎముకలు అందుకుంటాయి, పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రావు.

పుట్టిన నెల కూడా ఇటువంటి పనే చేస్తుంది. 1980లలో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు పరిశీలించాడు. పెద్ద జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్లే మోతాదుకు మించి ఉన్నారు! అక్కడ పిల్లల జట్ల వయసు లెక్క జనవరి 1న మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు డిసెంబరువాడి కన్నా పదకొండు నెలలు పెద్ద. అంతే కిటుకు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో లెక్క సెప్టెంబరు 1న మొదలవుతుంది కనుక అక్కడ దెబ్బతినేది ఆగస్టువాళ్లు.

మరి పెద్ద తలుపు మూసేశాక వార్డీ ఏంచేశాడు? అతని అదృష్టం కొద్దీ ఇంగ్లండులో పక్కతలుపులు చాలా ఉన్నాయి. పైన నాలుగు మెట్లలో 92 క్లబ్బులు. వాటి కింద మెట్టు మీద మెట్టుగా ఇంకా ఎన్నో లీగులు. కింది లీగుల్లో ఆటగాళ్లు పగలు ఏదో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆడుకుంటారు. బాగా ఆడిన క్లబ్బు ఏడాది చివర పై మెట్టుకు ఎక్కుతుంది, ఓడినది కిందికి దిగుతుంది. వార్డీ స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి క్లబ్బులో చేరాడు. వారానికి 30 పౌన్లు ఇచ్చేవారు. పగలు, బలహీనపడిన కాళ్లకు ఆధారంగా కట్టే వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పని. 2010లో హాలిఫాక్స్ క్లబ్బు, 2011లో ఫ్లీట్‌వుడ్. అక్కడ ఒక్క లీగు సీజనులో 31 గోలులు కొట్టాడు. 2012లో లెస్టర్ సిటీ అతని కోసం 10 లక్షల పౌన్లు చెల్లించింది. ఆ నాలుగు మెట్లకు కింద ఆడేవాడికి అంత ధర అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

కథ ఇక్కడ సుఖంగా ముగియలేదు. మొదటి ఏడాది లెస్టర్‌లో అతని ఆట సాగలేదు. ప్రేక్షకులు ఎగతాళి చేశారు. ఆట మానేస్తానని శిక్షకుల దగ్గరకు వెళ్లాడు. వాళ్లు నచ్చచెప్పి ఉంచారు. అత్యున్నతమైన ప్రీమియర్ లీగులో మొదటిసారి దిగేనాటికి అతనికి 27 ఏళ్లు! 2015లో వరసగా 11 లీగు మ్యాచ్‌ల్లో గోలు కొట్టి, పది మ్యాచ్‌ల పాత రికార్డును దాటాడు. ఆ సీజనుకు ముందు లెస్టర్ గెలిస్తే పౌనుకు 5000 పౌన్లు ఇస్తామన్నారు పందెగాళ్లు. 2016లో లెస్టరే గెలిచింది.

ఆ జట్టులోనే ఇంకొకడున్నాడు. అతని వల్ల మన సిద్ధాంతానికి చిన్న చిక్కు వస్తుంది. ఎన్‌గోలో కాంటే పారిస్ శివారులో స్యురెన్ అనే ఔత్సాహిక క్లబ్బులో 19 ఏళ్లు వచ్చేదాకా ఉండిపోయాడు. పొట్టివాడనే పెద్ద క్లబ్బులు తీసుకోలేదు. వార్డీలా అతను తరువాత పొడుగవలేదు, 168 సెంటీమీటర్ల దగ్గరే ఆగాడు. అయినా 2018లో ప్రపంచకప్పు గెలిచిన ఫ్రాన్సు జట్టులో ఆడాడు! అంటే పొడుగు రావడం ఆలస్యమైందన్నది కథలో ఒక భాగమే. బలంతో నెట్టలేని పిల్లవాడు బంతి ఎటు వస్తుందో ముందే ఊహించడం నేర్చుకుంటాడనీ, ఆ విద్య పెద్దయ్యాక అక్కరకు వస్తుందనీ కొందరు పరిశోధకుల అభిప్రాయం. కాంటే ఆట చూసినవాళ్లకు అది నిజమే అనిపిస్తుంది.

ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇయన్ రైట్ కూలిపనులు చేసుకుంటూ, చిన్న క్లబ్బుల్లో ఆడుకుంటూ ఉండి, 1985లో 22వ ఏడు నిండబోతుండగా క్రిస్టల్ ప్యాలెస్‌లో చేరాడు. ఆపైన ఆర్సెనల్‌కు 185 గోలులు కొట్టాడు. జర్మనీలో వడ్రంగం నేర్చుకుంటూ ఏడో మెట్టు లీగులో ఆడిన మిరోస్లావ్ క్లోజ, 2014లో తన 16వ ప్రపంచకప్పు గోలు కొట్టి బ్రెజిల్ రొనాల్డో రికార్డును దాటాడు.

అయితే ఒక్క మాట దాచకూడదు. పైకి వచ్చినవాళ్ల పేర్లే మనకు తెలుస్తాయి. ఫ్యాక్టరీలోనే ఉండిపోయినవాళ్లలో ఎందరికి అంత ప్రతిభ ఉండేదో ఎవరు లెక్కపెట్టారు?

ఈ సంగతి గ్రహించి 2015 ప్రాంతంలో ఇంగ్లండు క్లబ్బులు ఒక ప్రయోగం చేశాయి. పిల్లలను పుట్టినతేదీని బట్టి కాక, పెద్దయ్యాక రాగల ఎత్తులో ఇప్పటికి నూటికి ఎంతపాళ్లు వచ్చిందో చూసి జట్లు కట్టారు. తల్లిదండ్రుల ఎత్తు, పిల్లవాడి ఎత్తు, బరువు, వయసు తెలిస్తే ఇది సుమారుగా లెక్క తేలుతుంది, ఎక్స్‌రే అక్కరలేదు. ముందుగా పెరిగిన కుర్రవాళ్లకు మొదటిసారి తమ సాటివాళ్లు ఎదురయ్యారు. ఇక తోయడంతో పని జరగక పాదాలకు పని చెప్పవలసివచ్చింది. ఆలస్యంగా పెరిగేవాళ్లు తమకు బంతి అందుతున్నదనీ, జట్టును తామే నడిపించగలుగుతున్నామనీ చెప్పారు.

వార్డీ 2020లో, 33 ఏళ్ల వయసులో, ప్రీమియర్ లీగులో అందరికన్నా ఎక్కువగా 23 గోలులు కొట్టి బంగారు బూటు అందుకున్నాడు. అంత వయసులో దాన్ని అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు. 2025 మేలో లెస్టర్ తరఫున చివరి మ్యాచ్ ఆడాడు. అది ఆ క్లబ్బుకు అతని 500వ మ్యాచ్. అందులో కొట్టినది 200వ గోలు. ఆ తరువాత, 38 ఏళ్ల వయసులో, మూటాముల్లె సర్దుకుని ఇటలీలో క్రెమోనా ఊరి జట్టుకు ఆడడానికి వెళ్లాడు.